ఊరి పేరు మీద ఆడే ఆడపిల్లలు

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగినవాళ్ళు శ్రీకాకుళంలో దిగినట్టు కాదు. ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. జిల్లా కేంద్రానికి పోవాలంటే అక్కడ మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాలి. కొత్తవాళ్ళు ఈ సంగతి తెలిసి కాస్త చిరాకు పడతారు గానీ, ఆటల మీద ఇష్టం ఉన్నవాళ్ళు మాత్రం సరైన చోటే దిగినట్టు లెక్క. ఆ పక్కనే ఊసవానిపేట, అంటే కర్ణం మల్లీశ్వరి ఊరు.

తండ్రి మనోహర్ రైల్వే పోలీసు. కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు. ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు, ఐదుగురూ వెయిట్‌లిఫ్టింగ్ నేర్చినవాళ్ళే. అక్క వెళ్తుంటే వెనకాల వెళ్ళిన పిల్ల మల్లీశ్వరి. మొదట్లో ఆమె బక్కపలచగా ఉందని పక్కన పెట్టారట. తల్లి శ్యామల ఊరుకోలేదు, పిల్లని తిరిగి సాధనలోకి దింపింది. పన్నెండేళ్ళ వయసులో నీలంశెట్టి అప్పన్న దగ్గర శిక్షణ మొదలైంది. 1990లో జాతీయ శిబిరం. 1994, 1995ల్లో 54 కిలోల విభాగంలో వరసగా రెండుసార్లు ప్రపంచ చాంపియన్. అంటే సిడ్నీ పతకానికి ఆరేళ్ళ ముందే ఆమె ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. మనం మాత్రం 2000 సెప్టెంబరు దాకా ఆగి, ఒక్క రాత్రిలో ఆమెని కనిపెట్టినంత సంబరపడ్డాం.

రెండున్నర కిలోలు

2000 సెప్టెంబరు 19, సిడ్నీ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదటిసారి. మొత్తం ఏడు విభాగాలు. మల్లీశ్వరి దిగింది 69 కిలోల్లో.

స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు. మొత్తం 240. చైనాకి చెందిన లిన్ వెయినింగ్ 242.5, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుస్ కూడా 242.5. ఇద్దరి మొత్తం ఒక్కటే కాబట్టి ఒంటి బరువు చూసి, తక్కువ తూగిన లిన్‌కి స్వర్ణం ఇచ్చారు. మల్లీశ్వరికి కాంస్యం. స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు. ఆ రోజుల్లో బార్‌ మీద బరువు పెంచే కనీస మెట్టు కూడా రెండున్నరే.

చివరి ప్రయత్నానికి బార్ మీద పెట్టించింది 137.5. అది పడి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, బంగారం కంటే ఐదు కిలోలు ఎక్కువ. పడలేదు. ఎందుకంత పెద్ద అంగ వేశారని మన వైపు టీ కొట్ల దగ్గర చాలాకాలం వాదించుకున్నారు. ఏడున్నర కిలోలు ఒక్కసారిగా పెంచడం తెగింపేనని నేనూ అంటాను. కానీ అప్పటికే ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన మనిషి బంగారానికి గురిపెట్టకుండా ఇంకేం చేస్తుంది?

130 కిలోలు ఎంత బరువో కళ్ళకి కట్టాలంటే, పాతిక కిలోల బియ్యం బస్తాలు ఐదు పేర్చి, పైన మరో ఐదు కిలోల సంచీ పెట్టండి. దాన్ని మొదట భుజాల మీదికి, అక్కడినుంచి తల మీదికి లేపాలి. రెండు చేతులూ చాచి, మోకాళ్ళు బిగించి, పాదాలు ఒక వరసలో ఆగాలి. రిఫరీ సైగ చేసేదాకా దించకూడదు.

ఆడవాళ్ళ బార్ బరువు 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు. మగవాళ్ళది 20 కిలోలు, 28 మిల్లీమీటర్లు. ఎర్ర ప్లేటు పాతిక కిలోలు, నీలం ఇరవై, పసుపు పదిహేను, ఆకుపచ్చ పది. ఈసారి టీవీలో చూసేటప్పుడు ప్లేట్ల రంగులు చూసి బరువు లెక్కకట్టండి. కామెంటేటర్ చెప్పేలోపు మీరే చెప్పేయొచ్చు.

సిడ్నీ నుంచి మన దేశం తెచ్చుకున్న పతకం ఆ ఒక్కటే. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఊరు ఊసవానిపేట అన్నది ఎన్ని క్విజ్ పుస్తకాల్లో ఉందో చూడండి. మనిషి పేరు ఉంటుంది, ఊరి పేరు ఉండదు.

ఊరి పేరు వదలని దేశం

ఆటగత్తె పేరు కంటే ముందు ఊరి పేరు చెప్పే దేశం ఒకటుంది, ఐర్లండ్. అక్కడ ఆడవాళ్ళు ఆడే ఆట కామోగీ. అదే ఆట మగవాళ్ళు ఆడితే హర్లింగ్. జట్టుకి పదిహేను మంది, అందరి చేతుల్లోనూ కొన వెడల్పుగా ఉండే చెక్క కర్ర, మధ్యలో తోలు కుట్టిన చిన్న బంతి. హాకీ లాంటిదే కదా అనుకోవద్దు. బంతి నేల మీదే ఉండాలన్న నియమం లేదు. కర్రతో గాల్లోనే కొట్టొచ్చు, చేత్తో పట్టొచ్చు, కర్ర కొన మీద బంతిని నిలబెట్టుకుని పరుగెత్తొచ్చు. గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ ఆకారంలో ఉంటాయి. అడ్డకర్ర కింద వలలో పడితే గోలు, దానికి మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒక పాయింటు. అందుకే స్కోరు 2-10 అని రాస్తారు, రెండు గోల్సూ పది పాయింట్లూ అని. కలిపితే పదహారు. మొదటిసారి చూసినవాళ్ళకి ఎవరు గెలిచారో అర్థం కావడానికే అర నిమిషం పడుతుంది.

1999 దాకా జట్టుకి పన్నెండు మందే. తర్వాత మగవాళ్ళతో సమానంగా పదిహేను చేశారు.

ఆడేవాళ్ళెవరికీ జీతం లేదు. దేశమంతా చూసే ఫైనల్లో ఆదివారం గోలు కొట్టిన అమ్మాయి సోమవారం పొద్దున బడిలో పాఠమో ఆసుపత్రిలో డ్యూటీయో చేసుకుంటుంది. క్లబ్బు మారడం కూడా అంత తేలిక కాదు. పుట్టిన పేటకి, చర్చి పరగణాకి ఆడాలి. తల్లి ఆడిన క్లబ్బుకే కూతురూ ఆడుతుంది.

మెట్లు

క్లబ్బుల చాంపియన్‌షిప్ సీజన్ నడిచే పద్ధతి చూస్తే మన మండల పోటీలు గుర్తొస్తాయి. మొదట ఒక కౌంటీలోని క్లబ్బులన్నీ తమలో తాము తలపడతాయి. గెలిచిన క్లబ్బు ప్రావిన్స్‌కి పోతుంది. అవి నాలుగు: లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కనాక్ట్. ప్రావిన్స్ గెలిస్తే ఆలిండియా పోటీల్లాగే ఆల్ ఐర్లండ్ సెమీఫైనల్. ఆ పైన ఫైనల్, ఇప్పుడు డిసెంబరు చలిలో, బురదలో. సీనియర్ క్లబ్ చాంపియన్‌షిప్ 1964లో మొదలైంది, తొలిసారి గెలిచింది డబ్లిన్‌కి చెందిన సెల్టిక్. ఎక్కువసార్లు గెలిచింది కిల్‌కెనీలోని సెయింట్ పాల్స్, ఎనిమిది సార్లు.

ఈ మెట్ల వరసలో నాకు బాగా నచ్చిన ఊరు స్లాట్‌నీల్. డెర్రీ కౌంటీ కొండల్లో చెల్లాచెదురు ఇళ్ళున్న చిన్న చోటు. 2016లో ఆ ఒక్క క్లబ్బే అల్‌స్టర్ ప్రావిన్స్‌లో మగవాళ్ళ గేలిక్ ఫుట్‌బాల్, మగవాళ్ళ హర్లింగ్, ఆడవాళ్ళ కామోగీ, మూడు సీనియర్ టైటిళ్ళూ పట్టుకుపోయింది. అంతకుముందు ఏ క్లబ్బూ ఆ పని చెయ్యలేదు. అయితే ప్రావిన్స్ దాటి దేశం మొత్తం మీద గెలిచింది మాత్రం అమ్మాయిలే. 2017, 2018, 2019 ఫైనళ్ళు మూడూ వాళ్ళవే. అన్నదమ్ములకి దేశం కప్పు దక్కలేదు, అక్కచెల్లెళ్ళు డబ్లిన్ దాకా వెళ్ళి కప్పు తెచ్చారు.

మన దగ్గర ఇలాంటి మెట్లు లేవా అంటే, ఉన్నాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మండలంలో మొదలై జిల్లా, రాష్ట్రం, జాతీయం దాకా పోతాయి. సీతంపేట వైపు ఆశ్రమ పాఠశాలల నుంచి, ఊళ్ళలోని కస్తూర్బా విద్యాలయాల నుంచి జట్లు దిగుతాయి. జిల్లా మీట్ రోజు చూడాలి. పిల్లలు రెండు జడలకి రిబ్బన్లు బిగించి, చుట్టి తెచ్చుకున్న పరుపుల మీద రాత్రి నిద్రపోయి, పొద్దున్నే ఉప్మా తిని, మట్టి కోర్టులో సున్నం గీతల మధ్య కబడ్డీకి దిగుతారు. పీఈటీ మేడం గీత బయట నిలబడి "కాలట్టుకోవే, కాలట్టుకో" అని గొంతు పోయేలా అరుస్తుంది. కాకపోతే బడి అయిపోగానే మెట్లు కూడా అయిపోతాయి. పదో తరగతి దాటిన పిల్లకి ఊరి జట్టు ఉండదు.

పెద్దవాళ్ళకి కూడా మెట్లు కట్టిన ప్రయత్నం ఒకటి ఈ మధ్యే జరిగింది. 2023 డిసెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం ఆడుదాం ఆంధ్రా పోటీలు మొదలుపెట్టింది. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్, ఈ ఐదింట్లోనూ ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ విడివిడిగా. పదిహేనేళ్ళు దాటినవాళ్ళెవరైనా ఆడొచ్చు. అట్టడుగు మెట్టు గ్రామ, వార్డు సచివాలయం. రాష్ట్రం మొత్తం మీద అవి 15,004. అక్కడినుంచి మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం. 2024 ఫిబ్రవరి 13న విశాఖపట్నంలో ముగిసింది. కామోగీ క్లబ్ సీజన్‌కి మన నేల మీద ఇంతకంటే దగ్గర పోలిక నాకు కనపడలేదు. పెళ్ళయి పిల్లలున్న ఆడవాళ్ళు కూడా సచివాలయం పేరు మీద ఖోఖో ఆడారు. తేడా ఒక్కటే, కామోగీ మెట్లు 1964 నుంచి ఏటా ఉన్నాయి.

కొండవెలగాడ

విజయనగరం దగ్గరి నెల్లిమర్ల అనగానే జనానికి జూట్ మిల్లు గుర్తొస్తుంది, లేకపోతే రామతీర్థం. అదే మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది. చుట్టుపక్కల వాళ్ళకి అది వెయిట్‌లిఫ్టర్ల ఊరు. వరి, చెరువు, రామాలయం, ప్రతి ఊళ్ళోనూ ఉండేవే ఇక్కడా ఉన్నాయి. వాటితోపాటు బార్లూ ప్లేట్లూ ఉన్నాయి. ఆడపిల్లలు బరువులెత్తితే వింతగా చూసే కాలం ఆ ఊళ్ళో ఎప్పుడో పోయింది.

ఈ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో దిగింది. స్నాచ్‌లో 83, క్లీన్ అండ్ జెర్క్‌లో 105, మొత్తం 188 కిలోలు. పోటీ అయ్యేసరికి మూడో స్థానం, మెడలో కాంస్యం. కొన్ని రోజులకే, మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోయింది. అందరూ ఒక్కో మెట్టు పైకి జరిగారు. పాపువా న్యూ గినీకి చెందిన డికా తౌవాకి స్వర్ణం, సంతోషికి రజతం, మన దేశానికే చెందిన స్వాతి సింగ్‌కి కాంస్యం. పోడియం మీద ఒక రంగు, రికార్డుల్లో ఇంకో రంగు. వెండి పతకం మెడలో పడే క్షణం, జాతీయ జెండా ఒక గజం పైకి లేచే క్షణం మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. డోపింగ్ దొంగతనంలో జనం లెక్కలోకి తీసుకోనిది ఇదే.

తౌవా గురించి ఇంకో ముక్క. సిడ్నీలో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ మొదలైనప్పుడు, ఒలింపిక్స్ చరిత్రలోనే మొట్టమొదట బార్ ఎత్తిన మహిళ ఆమే.

అక్కచెల్లెళ్ళు

ఊసవానిపేటలో ఐదుగురైతే కిల్‌కెనీలో ఇద్దరు. ఆంజెలా డౌనీ, ఆన్ డౌనీ కవలలు. తండ్రి షెమ్ డౌనీ 1947లో కిల్‌కెనీకి హర్లింగ్ పతకం తెచ్చిన జట్టులో ఆడినవాడు. కవలలిద్దరూ చెరి పన్నెండు ఆల్ ఐర్లండ్ కామోగీ పతకాలు గెలిచారు. అందులో ఏడు 1985 నుంచి 1991 దాకా వరసగా వచ్చినవి.

పతకాల సంఖ్యలో మాత్రం వాళ్ళ కంటే ముందు కాథ్లీన్ మిల్స్ ఉంది. 1941 నుంచి 1961 దాకా డబ్లిన్ తరఫున పదిహేను. ఈమెదీ రైల్వే కుటుంబమే. ఇంచికోర్ రైలు వర్క్‌షాపు పేటలో పెరిగి, గ్రేట్ సదరన్ రైల్వేస్ క్లబ్బుకి ఆడింది. రైల్వే కాలనీల్లో మైదానం, క్లబ్బు, జీతం టైముకి వచ్చే ఇల్లు మూడూ ఉంటాయి. ఖరగ్‌పూర్ అయినా వాల్తేరు అయినా ఇంచికోర్ అయినా అంతే. ఆడపిల్లల ఆటలకి రైల్వేలు చేసిన మేలు మీద ఎవరైనా పుస్తకం రాస్తే బాగుండు.

భాషోద్యమం నుంచి పుట్టిన ఆట

కామోగీ పల్లెటూరి పొలాల్లో దానంతటది పుట్టలేదు. డబ్లిన్‌లో ఐరిష్ భాషని బతికించాలని గేలిక్ లీగ్ పెట్టుకున్నవాళ్ళ సాయంకాలపు తరగతుల్లో పుట్టింది. భాష నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలు తమకీ ఒక ఆట కావాలన్నారు. హర్లింగ్‌ని కాస్త మార్చి, కర్ర కొంచెం పొట్టిది చేసి, నియమాలు రాసుకున్నారు. మొదటి బహిరంగ మ్యాచ్ 1904 జులై 17న నేవన్ పట్నంలో జరిగింది. ఆడిన రెండు జట్లూ డబ్లిన్ భాషాసంఘాలవే. చీలమండలు తాకే గౌన్లతోనే పరుగెత్తారు. మరుసటి ఏడాది సంఘం పెట్టుకుంటే తొలి అధ్యక్షురాలు మోయ్రా నీ హినేజ్. ఈమె నాటక రచయిత్రి కూడా. బ్లాస్కెట్ దీవుల్లోని పెగ్ సేయర్స్ అనే ముసలమ్మని ఒప్పించి, ఆమె చేత జీవితకథ చెప్పించి, 1936లో పుస్తకంగా తెచ్చిన సంపాదకురాలు ఈమే. ఐర్లండ్ బడిపిల్లలు తరతరాలుగా ఆ పుస్తకం చదివి ఏడ్చారు, పరీక్షల కోసం.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన వైపూ భాష గొడవ నడుస్తోంది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుంటున్నారు. విజయనగరంలో గురజాడ వాడుక భాషలో నాటకం రాసి ఆడించి ఉన్నారు. మనవాళ్ళు గ్రాంథికమా వ్యావహారికమా అని పత్రికల్లో పోట్లాడుకున్నారు, సభలు పెట్టారు, నిఘంటువులు చేశారు. ఆట మాత్రం ఒక్కటీ పుట్టించలేదు. పంతుళ్ళ ఉద్యమం కదా!

గిరిగారు చదివిన కాలేజీ

ఐర్లండ్‌కీ ఉత్తరాంధ్రకీ సంబంధమేమిటి అంటే వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువారు. 1913లో డబ్లిన్ వెళ్ళి యూనివర్సిటీ కాలేజీలో న్యాయశాస్త్రం చదివారు. అక్కడి స్వాతంత్ర్యవాదులతో తిరిగినందుకు, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ప్రభుత్వం దేశం విడిచి పొమ్మంది. తిరిగొచ్చి కార్మిక నాయకుడయ్యారు. మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజాని బొబ్బిలిలోనే ఓడించారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళారు. 1969లో రాష్ట్రపతి.

ఆయన విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే, 1915లో, ఐర్లండ్ విశ్వవిద్యాలయాల అమ్మాయిల కామోగీ పోటీ మొదలైంది. పేరు ఆష్‌బోర్న్ కప్. ఇప్పటికీ ఏటా జరుగుతోంది. కప్పు ఇచ్చిన లార్డ్ ఆష్‌బోర్న్ ఐరిష్ భాష మీద ప్రేమతో కుచ్చిళ్ళ కిల్ట్ కట్టుకుని తిరిగిన ప్రభువు. గిరిగారు చదివిన యూనివర్సిటీ కాలేజీ అమ్మాయిలూ ఆ పోటీలో ఆడేవారు.

స్కర్టు సంగతి

1904 గౌన్ల తర్వాత నూటఇరవై ఏళ్ళు గడిచినా, కామోగీ అమ్మాయిలు మ్యాచ్‌లో స్కర్టు గానీ, స్కర్టులా కనపడే స్కార్ట్ గానీ వేసుకు తీరాలన్న నియమం 2025 దాకా పోలేదు. ప్రాక్టీసులో అందరూ షార్ట్సే వేసుకునేవారు, మ్యాచ్ రోజున మార్చుకోవాల్సి వచ్చేది. 1989 ఫైనల్లో కార్క్ అమ్మాయి లాగితే ఆంజెలా డౌనీ స్కర్టు ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆమె ఆగలేదు. అలాగే పరుగెత్తి గోలు కొట్టింది. ఐర్లండ్‌లో ఆ గోలు కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

2025 మే 3న లెన్‌స్టర్ సెమీఫైనల్‌కి డబ్లిన్, కిల్‌కెనీ జట్లు రెండూ కూడబలుక్కుని షార్ట్స్‌లో మైదానంలోకి వచ్చాయి. మార్చుకోకపోతే మ్యాచ్ రద్దని రిఫరీ చెప్పాడు. మార్చుకుని ఆడారు. దేశమంతా రచ్చ. అదే నెల 22న ప్రత్యేక సమావేశం పెట్టి ఓటింగు జరిపితే 98 శాతం మంది షార్ట్స్‌కి సరే అన్నారు. ఇన్నేళ్ళు ఆగిన పని మూడు వారాల్లో అయింది. ఇన్ని తరాలు ఎందుకు ఆగిందో ఆ 98 శాతం మందినే అడగాలి.

మన వైపు "ఏటే పిల్లా, నిక్కరేసుకుని ఆటలేటి?" అనే పెద్దమ్మలు ఇంకా కొందరున్నారు. వాళ్ళ మనవరాళ్ళు ట్రాక్ ప్యాంటు వేసుకుని బస్సెక్కి, మైదానంలో దిగాక మార్చుకుంటారు. వీళ్ళకి ఏ సమావేశమూ అక్కర్లేదు.

వెదురు కర్ర

కామోగీ కర్ర చెయ్యడానికి యాష్ చెట్టు వేరుమొదలు దగ్గర వంపు తిరిగిన చెక్కే వాడతారు. ఆ వంపులో నారలు కూడా వంగి ఉంటాయి కాబట్టి కర్ర తేలిగ్గా విరగదు. 2012లో ఐర్లండ్‌లో ఆ చెట్లకి ఎండు తెగులు కనిపించింది. ఇప్పుడు దేశమంతా పాకింది. క్లేర్ కౌంటీలో టోర్పీ అనే పాత కర్రల తయారీ కుటుంబం ప్రత్యామ్నాయం వెతికి, వెదురుతో కర్రలు చెయ్యడం మొదలుపెట్టింది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో బుట్టలూ తట్టలూ అల్లేవాళ్ళకి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోరు. వెదురు దేనికైనా పనికొస్తుందని వాళ్ళకి ఎప్పుడో తెలుసు.

2018లో యునెస్కో హర్లింగ్‌నీ, దానితోపాటు కామోగీనీ మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

స్పోర్ట్స్ కోటా

ఐర్లండ్ అమ్మాయికి ఆట ఉద్యోగం ఇవ్వదు. మన అమ్మాయికి ఆటే ఉద్యోగం. రైల్వే, పోలీసు, బ్యాంకు, స్పోర్ట్స్ కోటా. మల్లీశ్వరి చాలాకాలం ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో పనిచేసింది. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ చాన్సలర్ అయింది. బియ్యం గోదాముల సంస్థ నుంచి యూనివర్సిటీ కుర్చీ దాకా బార్ మోసుకెళ్ళిన ప్రయాణం అది. కొందరు ఈ కోటాని ఆటకి మరక అంటారు. ఉద్దానంలో కొబ్బరి తోట తుపానుకి పోయిన ఇంట్లో కూర్చుని ఆ మాట అనమనండి.

అయితే ఇందులో ఒక నష్టం ఉంది. ఉద్యోగం వచ్చిన అమ్మాయి ఆ సంస్థ బనియను మీద ఆడుతుంది. రైల్వేస్ గెలిచింది అని పేపర్లో పడుతుంది. ఏ పేటలో మొదలుపెట్టిందో ఆ పేట పేరు స్కోరుబోర్డు మీద ఉండదు.

కోడి రామ్మూర్తి స్టేడియం

శ్రీకాకుళం పట్నంలో మైదానానికి కోడి రామ్మూర్తి పేరు పెట్టుకున్నారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరం తాలింఖానాలో కండలు పెంచి, సర్కస్‌లో ఏనుగుని గుండెల మీద నిలబెట్టుకున్న కలియుగ భీముడు. అంతకన్నా తగిన పేరు ఇంకొకటి లేదు. మగపిల్లల బలానికి మన జిల్లాల్లో వంద ఏళ్ళ కిందటే తాలింఖానాలున్నాయి, గోదాలున్నాయి. ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్‌కి ప్రపంచ చాంపియన్‌షిప్ అన్నదే 1987లో వచ్చింది. ఆ ఏడాది మల్లీశ్వరికి పన్నెండేళ్ళు.

ఒక్క పాయింటు

2016 వేసవిలో ప్రో కబడ్డీ లీగ్‌తోపాటు ఆడవాళ్ళ క్లబ్ సీజన్ ఒకటి మన దేశంలో మొదటిసారి టీవీకెక్కింది. పేరు విమెన్స్ కబడ్డీ చాలెంజ్. జట్లు మూడే. ఫైనల్ జులై 31న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో. మమతా పూజారి జట్టుకీ తేజస్విని బాయి జట్టుకీ మధ్య ఆఖరి క్షణం దాకా తేలలేదు. చివరికి తేజస్విని బాయి జట్టు 24-23తో గెలిచింది. అంత మంచి ఫైనల్ ఆ ఏడాది మగవాళ్ళ లీగ్‌లో కూడా రాలేదని నా అభిప్రాయం.

ఆ పేరుతో రెండో సీజన్ మళ్ళీ రాలేదు. మూడు జట్ల పేర్లు ఫైర్ బర్డ్స్, ఐస్ దీవాస్, స్టార్మ్ క్వీన్స్. వాటిలో ఒక్కటీ ఊరి పేరు కాదు.